నడుముకి టేపు, ఒంటికి కండ: మెటబాలిక్ సిండ్రోమ్‌ని అడ్డుకునేవి

అందరికీ నమస్కారమండీ. ఈరోజు మెటబాలిక్ సిండ్రోమ్ గురించి, అంటే పొట్ట కొవ్వు, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వుల తేడాలు కలిసికట్టుగా రావడం గురించి మాట్లాడుకుందాం. జబ్బు సంగతి కాసేపే. దాన్ని అడ్డుకునేవి మన ఒంట్లోనే ఏమున్నాయో, వాటిని ఎలా నిలబెట్టుకోవాలో చూద్దాం.

ముందు టేపు తీసుకోండి. చివరి పక్కటెముకనీ, తుంటి ఎముక పైఅంచునీ వేలితో తడిమి, రెండింటికీ సరిగ్గా మధ్యలో చర్మం మీదే చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. చాలామంది బెల్టు పెట్టుకునే చోట, అంటే పొట్ట కింద కొలుస్తారు. అక్కడ అసలు లెక్క రాదు. దక్షిణాసియా మూలాలున్న మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు హద్దు. అమెరికా లెక్క 102, 88 చూసి ధీమాగా ఉండొద్దు. నడుముతో పాటు ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 150 మిల్లీగ్రాములు లేదా ఆపైన, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 కన్నా తక్కువ, బీపీ పైది 130 గానీ కిందిది 85 గానీ చేరడం, పరగడుపు షుగర్ 100 చేరడం... ఈ అయిదింట్లో మూడుంటే సిండ్రోమ్ కిందే లెక్క. రిపోర్టు మిల్లీమోల్స్‌లో వస్తే షుగర్‌కి 5.6, ట్రైగ్లిజరైడ్లకి 1.7 చూసుకోండి.

ఇక అసలు రక్షణ, కండ. కండ ముడుచుకున్నప్పుడల్లా గ్లట్-4 అనే ప్రొటీన్ కణం లోపల్నుంచి పైపొరకి వచ్చి గ్లూకోజుని లోపలికి చేరవేస్తుంది. దీనికి ఇన్సులిన్ పిలుపు అక్కర్లేదు. అందుకే ఇన్సులిన్ మాట వినని ఒంట్లో కూడా ఈ దారి మూసుకుపోదు. తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాల నడకకి అంత విలువ ఇందుకే. వ్యాయామం ఫలితం ఒకటి, రెండు రోజులే ఉంటుంది కాబట్టి వరసగా రెండు రోజులు మానొద్దు. వారానికి రెండుసార్లు బలం పెంచేవీ చెయ్యాలి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, విడతకి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. లేచేటప్పుడు ఊపిరి వదలండి. బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది.

రెండోది అడిపోనెక్టిన్. కొవ్వు కణాలే తయారుచేసే ఈ హార్మోను ఇన్సులిన్‌కి తోడుగా నిలుస్తుంది. విచిత్రం ఏంటంటే పొట్ట లోపలి కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. బరువు తగ్గితే మళ్ళీ పుంజుకుంటుంది. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళకి షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే 5.6 కిలోలే. కడుపు మాడ్చుకుని నెలలో దించేస్తే కొవ్వుతో పాటు కండా పోతుంది, ఉన్న కవచాన్ని మనమే విప్పేసుకున్నట్టవుతుంది.

హెచ్‌డీఎల్ అంకె వెంట మాత్రం పడకండి. దాన్ని బాగా పెంచిన టార్సెట్రపిబ్ మందు ప్రయోగంలో మరణాలు పెరిగి 2006లో ఆపేశారు.

ఇన్సులిన్ గానీ, సల్ఫోనైల్‌యూరియా మాత్రలు (ఒంట్లో ఇన్సులిన్‌ని ఎక్కువగా విడుదల చేయించే షుగర్ మందులు) గానీ వాడేవాళ్ళు కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేముందు డోసు గురించి డాక్టర్ని అడగండి, షుగర్ పడిపోవచ్చు. టేపు నెలకోసారి, పొద్దున్నే పరగడుపున, అదే చోట.