పళ్లెం కన్నా ముందు కాగితం

అందరికీ నమస్కారం.

కుర్చీలు చాలక వెనక నిలబడినవారు మన్నించాలి. గనుల చట్టం గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారని నిర్వాహకులు అనుకోలేదట. పోస్టరు మీద బంగారం అన్న మాట వేశాక మనవాళ్లు ఆగుతారా! ఏ వాగులో దొరుకుతుందో చెబుతానని ఆశపడి వచ్చినవాళ్లకి మాత్రం నిరాశ తప్పదు. ఈ వ్యాపకంలో ఉన్నవాళ్లెవరూ అది చెప్పరు.

కాలిఫోర్నియాలో మన ఈ శాక్రమెంటోకి దగ్గర్లోనే కొలోమా ఉంది. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి రంపపు మిల్లు కాలువలో బంగారు రేకు కనబడింది అక్కడే. ఎగబడి వచ్చిన జనం తమలో తాము పెట్టుకున్న కట్టుబాట్లే తర్వాత 1872 నాటి ఫెడరల్ గనుల చట్టానికి పునాది అయ్యాయి. ఆ చట్టం ఇవాళ్టికీ అమల్లో ఉంది. దాని కింద మీ క్లెయిమ్‌లో, అంటే ఖనిజం తీసుకునే హక్కు కోసం మీ పేరున గుర్తుపెట్టుకున్న జాగాలో, తీసిన బంగారం మీద ఫెడరల్ ప్రభుత్వానికి రాయల్టీ కట్టక్కర్లేదు. ఆదాయపు పన్ను వాళ్లది వేరే కథ, వాళ్లెప్పుడూ ఉంటారు. గనుల అనుమతులిచ్చే ఆఫీసర్లు మాత్రం గ్రాము దొరికిందా, కిలో దొరికిందా అని అడగరు. ఎంత నేల కదిలిస్తావు, దేంతో కదిలిస్తావు, తిరిగి ఎలా సర్దుతావు, ఇవే అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు సిద్ధం చేసుకుంటే మీకు ఏ కాగితం కావాలో దానంతట అదే తేలుతుంది.

మట్టి మీద ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ లోయ దెబ్బ తిన్నది మట్టితోనే. గోల్డ్ రష్ తర్వాతి దశాబ్దాల్లో పెద్ద కంపెనీలు నీటి ఫిరంగులు పెట్టి కొండలకు కొండల్నే కోసేశాయి. ఆ గులకరాళ్లు, బురద యూబా నదిలోకి దిగి, నది అడుగు పైకి లేచి, కింద రైతుల పొలాల మీద మేటలు వేసింది. మేరీస్‌విల్ ఊరు వరదల పాలైంది. చివరికి 1884లో జడ్జి లొరెంజో సాయర్, ఆ వ్యర్థాన్ని నదుల్లోకి వదలడానికి వీల్లేదని తీర్పిచ్చాడు. ఇసుక మేటలు వేసిన చేను ఎలా ఉంటుందో కృష్ణా, గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్లకి నేను చెప్పాలా?

ఇక క్లెయిమ్ సంగతి. మన ఊళ్లలో మామిడి తోట కాపును గుత్తకు పడతారు చూడండి, కాయలు గుత్తదారువి, తోట రైతుది. క్లెయిమ్ అంటే అంతే. ఖనిజం మీద హక్కు మీది, భూమి ప్రభుత్వానిది. భూమి కూడా రాసిచ్చే పేటెంట్లకు 1994 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. కాబట్టి మీ క్లెయిమ్‌లో గుడిసె వేసుకుని కాపురం పెట్టడం కుదరదు. బీఎల్ఎమ్, అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో ఏ 90 రోజుల్లోనైనా 14 రోజులు మించి మకాం ఉండాలంటే దానికి వేరే అంగీకారం కావాలి. చేపలు పట్టేవాళ్లూ కొండలెక్కేవాళ్లూ మీ క్లెయిమ్ మీదుగా నడిచిపోతారు, ఆపకూడదు. ఆన్‌లైన్‌లో "20 ఎకరాల సొంత బంగారు భూమి" అని ప్రకటన కనిపిస్తే, అందులో సొంతం అన్న మాటని కొట్టేసి చదువుకోండి.

ఎవరు వేసుకోవచ్చు? ఇక్కడి పౌరులు, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్న వలసదారులు, ఏదో ఒక రాష్ట్రంలో నమోదైన సంస్థలు. హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్లకి సొంత పేరు మీద ఆ అవకాశం లేదు. గ్రీన్ కార్డు ఒక్కటీ చాలదు. బాధపడకండి, పళ్లెంలో వాగు కంకర కడుగుతూ సరదాగా వెతకడానికి క్లెయిమ్ అక్కర్లేదు. ఇంకొకరి క్లెయిమ్ కాని, గనులకు మూసెయ్యని ఫెడరల్ భూమి అయితే చాలు. ఆబర్న్ రిక్రియేషన్ ఏరియా లాంటి చోట్ల చేతులు, పళ్లెం తప్ప ఇంకేమీ వాడనివ్వరు. పిల్లల్ని తీసుకెళ్లడానికి అదే మంచిది.

ప్లేసర్ క్లెయిమ్, అంటే వాగు కంకరలో వెతికేది, మనిషికి 20 ఎకరాల వరకు. ఎనిమిది మంది కలిస్తే 160. రాతిలో సాగే ఖనిజపు ధార మీద వేసే లోడ్ క్లెయిమ్ 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు మించకూడదు. నేల మీద నోటీసు పెట్టి, హద్దులు గుర్తుపెట్టి, కౌంటీ రికార్డర్ దగ్గరా, 90 రోజుల్లోపు బీఎల్ఎమ్ దగ్గరా నమోదు చేయాలి. కొత్తవాళ్లు జారేది ఈ 90 రోజుల దగ్గరే. కంప్యూటర్ పటంలో ఖాళీగా కనబడిన చోట ఎవరో రెండు నెలల కిందటే కర్ర పాతి వెళ్లుండొచ్చు. ఆయన కాగితాలు ఇంకా ఆఫీసుకి చేరలేదంతే. అందుకని బీఎల్ఎమ్ రికార్డు చూడండి, కౌంటీ పుస్తకం చూడండి, ఆ తర్వాత కాళ్లు నొప్పెట్టేలా నేలంతా తిరిగి చూడండి. నార్త్ ఫోర్క్ అమెరికన్ నదిలో సంరక్షిత భాగం లాంటివీ, జాతీయ పార్కులూ కొత్త క్లెయిమ్‌లకు మూసి ఉంటాయి. అక్కడ వేసిన క్లెయిమ్ పుట్టుకతోనే చెల్లదు.

ఇప్పుడు పనిముట్ల దగ్గరికి వద్దాం. బీఎల్ఎమ్ భూమిలో చేతి పనిముట్లు, పళ్లెం, మోటారు లేని స్లూయిస్ (పారే నీటిలో కంకర కడిగి బంగారాన్ని ఆపే తొట్టి), మెటల్ డిటెక్టర్, వీటిని సాధారణ వాడకం కింద లెక్కేస్తారు. ముందుగా ఎవరికీ చెప్పక్కర్లేదు. మట్టి తవ్వే యంత్రం దింపితే లెక్క మారుతుంది. అన్వేషణ కోసం 5 ఎకరాల లోపు కదిలిస్తే నోటీసు ఇవ్వాలి. అందులో పటం, పనిముట్ల వివరం, ఎప్పుడు మొదలు ఎప్పుడు ముగింపు, నేలను ఎలా పూడుస్తారు, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నీ ఉండాలి. ఆఫీసుకి పరిశీలనకు 15 రోజుల గడువు. పూడ్చే ఖర్చుకు సరిపడా హామీ సొమ్ము ముందే కట్టాలి. ఆ నోటీసు రెండేళ్లు చెల్లుతుంది.

ఇక్కడో మెలిక ఉంది, దయచేసి రాసుకోండి. నోటీసు అన్వేషణకు మాత్రమే. యంత్రం పెట్టి బంగారం తీసి అమ్మే పనికి, అది అర ఎకరమైనా సరే, ప్లాన్ ఆఫ్ ఆపరేషన్స్‌కి, అంటే మీ పని ప్రణాళికకి, ఆమోదం కావాలి. నమూనా కోసమే అన్నా 1,000 టన్నులు దాటితే అదే దారి. పర్యావరణ సమీక్ష ఉంటుంది కాబట్టి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. 5 ఎకరాలు దాటితేనే ప్లాన్ అని చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు, నమ్మకండి.

నేషనల్ ఫారెస్ట్ భూమి అయితే పేర్లు మారతాయి. నేలకి చెప్పుకోదగ్గ దెబ్బ తగలొచ్చు అనిపించే పనికి డిస్ట్రిక్ట్ రేంజర్‌కి ముందుగా నోటీస్ ఆఫ్ ఇంటెంట్ ఇవ్వాలి. ప్లాన్ అవసరమా కాదా అన్నది ఆయన 15 రోజుల్లో చెబుతాడు. క్లామత్ నది మీద కారుక్ తెగవారు ఫారెస్ట్ సర్వీసు మీద వేసిన కేసులో 2012లో అప్పీలు కోర్టు ఒక మాట తేల్చింది. సాల్మన్ లాంటి రక్షిత జీవులున్న చోట ఇలాంటి నోటీసుకి సరేననే ముందు కూడా వన్యప్రాణి సంస్థలను సంప్రదించాలని. కాబట్టి మీ వాగులో చేప ఉందంటే ఇంకొంత కాలం కలుపుకోండి.

ఇంతవరకు చెప్పింది ఫెడరల్ వాళ్ల మాట. కాలిఫోర్నియా తన మాట వేరే చెబుతుంది. సక్షన్ డ్రెడ్జ్, అంటే నీటి మీద తేలుతూ నది అడుగు కంకరను గొట్టంతో పీల్చే యంత్రం, 2009 నుంచి ఇక్కడ ఆపేశారు. ఫెడరల్ క్లెయిమ్ ఉందిగా, రాష్ట్రం ఎలా ఆపుతుందని, డ్రెడ్జ్ వాడి కేసులో ఇరుక్కున్న ఒకాయన వాదిస్తే 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆపొచ్చు అంది. పాత డ్రెడ్జ్‌లు ఇప్పుడు చవగ్గా అమ్ముతుంటారు, చవకని కొనేయకండి. వాగు ప్రవాహాన్ని మళ్లించినా, అడుగును మార్చినా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి ముందే తెలపాలి. ఒక ఎకరం గానీ 1,000 ఘన గజాల మట్టి గానీ దాటితే 1975 నాటి రాష్ట్ర చట్టం కింద మీ పునరుద్ధరణ ప్లాన్‌కి కౌంటీ ఆమోదం తెచ్చుకోవాలి.

డ్రెడ్జ్ మీద అంత కోపం ఎందుకో కూడా చెప్పాలి. పాతకాలపు వాళ్లు బంగారాన్ని పట్టడానికి స్లూయిస్‌లలో పాదరసం పోసేవారు. అందులో చాలా భాగం ఇంకా ఈ నదుల అడుగున ఉంది. కెలికితే సన్నటి ఒండ్రుతో కిందికి పోయి చేపల్లోకి చేరుతుంది. మీ పళ్లెంలో వెండిరంగు పూసలు కనబడ్డా, తెల్లటి పూత పట్టిన బంగారం దొరికినా గట్టి మూత సీసాలో వేసి కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. ఇంట్లో పొయ్యి మీద వేడిచేసి బంగారం విడదీద్దామని పొరపాటున కూడా అనుకోవద్దు. ఆ ఆవిరి పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

తారీఖుల విషయంలో చట్టానికి జాలి లేదు. ఏటా సెప్టెంబరు 1 లోపు క్లెయిమ్‌కి నిర్వహణ రుసుము కట్టాలి, 2024 నుంచి అది 200 డాలర్లు. దేశం మొత్తం మీద పదికి మించి క్లెయిమ్‌లు లేని చిన్నవాళ్లు మినహాయింపు కోరవచ్చు, కానీ ఏటా క్లెయిమ్‌కి 100 డాలర్ల విలువైన పని చేసి డిసెంబరు 30లోగా ఆ ప్రమాణపత్రం దాఖలు చేయాలి. 30 ఎందుకు, 31 ఎందుకు కాదు? చట్టంలో డిసెంబరు 31కి ముందు అని ఉంది. నెవాడాలో ఒక కుటుంబం 1980లో సరిగ్గా 31నే కాగితాలిచ్చింది. వాళ్ల పది క్లెయిమ్‌లూ చెల్లవని ఆఫీసు తేల్చేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే 1985లో, గడువు అంటే గడువే అని తీర్పు వచ్చింది.

అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ మధ్య నన్నొకటి అడుగుతున్నారు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతుకుతారు కదా, ఇదీ అలాంటిదేనా అని. చూపులకు అలాగే ఉంటుంది. కాని మన దేశంలో బంగారం మేజర్ మినరల్. 1957 నాటి చట్టానికి 2015లో సవరణ వచ్చాక బంగారు గని లీజులు వేలంలోనే ఇస్తున్నారు. సామాన్యుడు వెళ్లి కర్ర పాతి ఇది నాది అనే పద్ధతి అక్కడ లేదు. ఇక్కడ ఉంది, దానికి తగ్గ కాగితాలూ ఉన్నాయి.

నా సలహా అడిగితే, తొలి సీజనంతా క్లెయిమ్ మాటే ఎత్తకండి. పళ్లెంతో తిరుగుతూ వాగు మలుపు లోపలి వైపు, అడుగురాతి పగుళ్లలో, పెద్ద బండల వెనక నమూనాలు తీయండి. ఎక్కడ ఎన్ని బకెట్లు కడిగితే ఎన్ని రేణువులు వచ్చాయో రాసి పెట్టుకోండి. క్లెయిమ్ నిలబడాలంటే విలువైన ఖనిజం దొరికిందని చూపాలి, ఆ పుస్తకమే మీకు సాక్ష్యం. అది చూసుకున్నాకే యంత్రం కావాలా, చేతులు చాలా అన్నది తేల్చుకోండి. నన్నడిగితే నూటికి తొంభై మందికి చేతులే చాలు.

యంత్రమే కావాలనుకుంటే మంచు కరిగేదాకా ఆగకండి. ఫిబ్రవరిలోనే పటం చేతపట్టుకుని ఆ భూమి ఎవరి కింద ఉందో ఆ ఆఫీసుకి వెళ్లండి. వేసవి మొదలయ్యాక రేంజర్లంతా అడవి మంటల పనిలో ఉంటారు, మీ నోటీసు చదివే తీరిక ఎవరికీ ఉండదు.