వెనక మూత తీసి చూడండి

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. నన్ను సర్క్యూట్ల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ చేతిలో గిటార్ ఉండగా ముందు దీని సంగతి చెప్పకుండా ఉండలేను.

ట్రెమలో, అంటే కడ్డీ నొక్కి బ్రిడ్జిని కదిపి స్వరాన్ని ఊపే ఏర్పాటు, వాడితే శ్రుతి నిలవడం లేదని దీన్ని ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. వెనక చెక్కముక్క దూర్చి, తీగలు ఆనుకునే ఆ బ్రిడ్జి కదలకుండా బిగించేసి, "ఇక ఆ కడ్డీ జోలికి పోకండి" అన్నారు. 1954లో స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌కి ఈ ఏర్పాటు పెట్టిందే ఆ కడ్డీ నొక్కడానికండీ! శ్రుతి ఎందుకు పోతోందో ఒక్క ముక్క చెప్పలేదు. అదీ నా బాధ.

చెప్పడానికి ఎంతసేపు? ముందు నుంచి తీగలు లాగుతాయి, వెనక గూట్లోంచి స్ప్రింగులు లాగుతాయి. రెండూ సరిసమానమైన చోట బ్రిడ్జి నిలుస్తుంది. అందుకే లావు తీగ బిగిస్తే బ్రిడ్జి ముందుకు వాలి, మిగతా అయిదింటి శ్రుతీ దిగిపోతుంది. ఆరింటినీ మళ్లీ మళ్లీ చూసుకోవాలి. బ్రిడ్జి వెనక అంచు సుమారు 3 మిల్లీమీటర్లు లేచి ఉంటే చాలు. ఇంకా లేస్తే, స్ప్రింగులు తగిలించిన లోహపు పట్టీ, అదే క్లా, దాని స్క్రూలు రెండూ పావు చుట్టు చొప్పున బిగించి, మళ్లీ శ్రుతి చేయండి. తీగల మందం మార్చారా, పని మొదటికొస్తుంది. కడ్డీ వదిలాక తీగ వెనక్కి రాకపోతే గిటార్ మెడ చివర తీగలు ఆనే నట్ గాడిలో పట్టేస్తోందేమో, పెన్సిల్ ముల్లు రుద్దండి. దీనికి చెక్కముక్కా? మీరే చెప్పండి!

టైమైపోతోందని సైగ చేస్తున్నారు. సరే, సర్క్యూట్.

40106 చిప్పులో ఆరు ఇన్వర్టర్లుంటాయి. ఇంట్లో కరెంటు ఇన్వర్టర్ కాదు, ఇన్‌పుట్ ఎక్కువైతే అవుట్‌పుట్ తక్కువ, తక్కువైతే ఎక్కువ చేసే చిన్న సర్క్యూట్లు. ఒకదాని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి లక్ష ఓమ్‌ల రెసిస్టర్, ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. 14వ పిన్నుకి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 7వ పిన్నుకి మైనస్. మిగతా అయిదు ఇన్‌పుట్లనూ గాల్లో వదలకుండా గ్రౌండ్‌కి కలపండి. మొదటి ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ని వాల్యూమ్ బాగా తగ్గించిన చిన్న యాంప్లిఫైయర్‌కి ఇస్తే బొంగురు కూత వినిపిస్తుంది. రెసిస్టర్ తీసి ఎల్‌డీఆర్, అంటే వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్, పెట్టి, దాని మీద చెయ్యి అడ్డం పెట్టండి. వెలుతురు తగ్గేకొద్దీ స్వరం కిందికి జారుతుంది. ఆ జారుడు విన్న పిల్లల మొహాలు చూడాలి!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. బ్యాటరీతోనే చేయండి, గోడ ప్లగ్గు కరెంటు వద్దు. వాల్వ్ యాంప్లిఫైయర్, అంటే గాజు ట్యూబులతో పనిచేసేది, అసలు విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

చిప్పులు బల్ల మీద పెట్టాను, పిల్లలూ రండి. గిటార్ తెచ్చినవాళ్లు వెనక మూత విప్పి ఉంచండి, మీ దగ్గరికి నేనే వస్తాను.