జడ్డిగం పట్టిన చెయ్యి

అక్కలకూ అన్నలకూ నమస్కారం.

నాకు తెలిసిన పనితోనే మొదలుపెడతాను. మా చిన్నప్పుడు కల్యాణదుర్గం దగ్గర మా చేన్లో శెనక్కాయ విత్తేటప్పుడు మా అమ్మ జడ్డిగం, అంటే గొర్రుకు కట్టిన గింజల గిన్నె, పట్టేది. ముందు ఎద్దులు, గొర్రు. వెనకే అమ్మ, ఒడిలోంచి గుప్పెడు గింజలు తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ. మాటల్లో పడి చెయ్యి ఆగినా ఆ రోజు ఎవరికీ తెలీదు. వారం పది రోజులకు మొలకలొచ్చాక చూస్తే సాల్లో జానెడు జానెడు ఖాళీలు. అప్పటికి పదును ఆరిపోయుంటుంది.

మన పనిలోనూ తప్పు అంత ఆలస్యంగానే కనబడుతుంది. బిడ్డను బాలల హోమ్‌కు (పిల్లల్ని ఉంచి చూసుకునే సంస్థకు) తీసుకుపోతే, ఆ తల్లిదండ్రులకు అదే బాధ పడి బిడ్డను తిరిగి తెచ్చుకున్న మరో తల్లో తండ్రో తోడుండటం ఈ సేవ. అమెరికాలో ఐయోవా రాష్ట్రం 2007 నుంచి 'పేరెంట్ పార్ట్‌నర్స్' పేరుతో ఇలాంటిది నడుపుతోంది. మన 2015 బాలల న్యాయ చట్టం కూడా హోమ్ అనేది చివరి దారి అనే అంటుంది. బిడ్డను 24 గంటల్లో సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ముందు పెట్టాలి, సామాజిక విచారణ 15 రోజుల్లో ముగియాలి, చివరి ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. ఆ నాలుగు నెలలు ఇంట్లో ఏం మారుతుందన్నదే అసలు సంగతి.

ఎక్కడో పుట్టిన పద్ధతిని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు? దీన్నే ఫిడెలిటీ అంటారు. మేం 'పద్ధతి తప్పకపోవడం' అనుకుంటాం.

ఉదాహరణకు, వారానికోసారి ఇంటికి వెళ్లాలని రాసుకున్నాం. మన ఊళ్లలో కొత్త మనిషి ఇంటికొస్తే వీధంతా అరుగు మీదే ఉంటుంది. "ఎవురమ్మా ఆమె? మీ పిల్లోని సంగతేనా?" ఒక తల్లి సిగ్గుతో తలుపే తీయలేదు. అందుకే మొదటి కలయికలు గుడి దగ్గరో చేను గట్టు మీదో పెట్టుకున్నాం. బెంగళూరుకు కూలికి పోయినవాళ్లతో వీడియో కాల్. ఇవి మార్చొచ్చు. కానీ బిడ్డ తిరిగి వచ్చే లోపు ఆ ఇల్లు, పొయ్యి, పడుకునే చోటు కళ్లతో చూడాల్సిందే.

మార్చకూడనివి రెండు మేం మార్చి దెబ్బతిన్నాం. అదే బాధ పడిన తల్లులు దొరకలేదని డిగ్రీ చదివిన పిల్లల్ని పెట్టాం. మంచి పిల్లలే, కానీ "నీ బిడ్డను కూడా తీసుకుపోయినారా అక్కా?" అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. రెండోది, ఒక అధికారి మా తోడు తల్లిని "ఆయన ఇంకా తాగుతున్నాడా?" అని అడిగితే ఆమె చెప్పేసింది. మరుసటి రోజు నుంచి ఆ ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. బిడ్డకు ప్రమాదం ఉంటే తప్ప కబుర్లు మోయకూడదు. ఆ ఒక్క మినహాయింపు మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పాలి.

ఇక నోట్‌బుక్ సంగతి. మా తోడు తల్లుల్లో ఒకామె పుస్తకంలో పన్నెండు విజిట్లు చూశాను. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే మాట: "మాట్లాడినాము. బాగున్నారు." అందులో ఒక తేదీన ఆ కుటుంబం బెంగళూరులో ఉంది! కోపమొచ్చింది. ఆమె నవ్వి, "సార్, రాస్తేనే గదా బస్సు ఛార్జీ ఇస్తారు" అంది. తప్పు ఆమెది కాదు. విజిట్ల లెక్కకు డబ్బు ముడిపెట్టింది మేమే, పదకొండు గడుల ఫారం ఇచ్చిందీ మేమే. గడులు నిండితే పని జరిగినట్టే అనుకున్నాం.

ఇప్పుడు ఛార్జీ ముందే ఇచ్చేస్తున్నాం. ఫారంలో మూడే ప్రశ్నలు: ఎవరిని కలిశావు, ఏం మాట్లాడారు, ఏది కుదరలేదు? నెలకోసారి మాలో ఒకరం ఆమె వెంట వెళ్లి, నోరు మూసుకుని కూర్చుంటాం. (నాకు ఈ రెండోది కష్టం.) శనివారాలు ఒక గంట అందరం కలిసి ఆ వారం కుదరని సంగతులే మాట్లాడుకుంటాం.

పోయిన నెల ఆ నోట్‌బుక్ ఆమే ఇలా రాసింది: "పోయినాను. తలుపు తీయలేదు. గంట సేపు అరుగు మీద కూర్చొని వచ్చేసినాను."

ఏడాదిగా చదువుతున్న ఆ పుస్తకాల్లో నేను నమ్మిన మొదటి రాత అది. తర్వాతి బుధవారం ఆమెతో నేనూ బస్సెక్కాను.