బొమ్మ తర్వాత, ముందు కాగితం

అందరికీ నమస్కారం. పాత స్టాంపు చేతికి రాగానే మనం బొమ్మ చూస్తాం, రంగు చూస్తాం, మహా అయితే అంచు పళ్లు లెక్కపెడతాం. వెనక్కి తిప్పేవాళ్లు తక్కువ. ఈ పూట నేను మాట్లాడేది ఆ వెనక వైపు గురించే, అంటే స్టాంపు కాగితం గురించే.

1855లో లండన్‌లోని డి లా రూ సంస్థ మన దేశం కోసం అచ్చువేసిన నాలుగణాల నల్ల స్టాంపునే తీసుకోండి. విక్టోరియా రాణి తల ఉంటుంది. మొదట దాన్ని నీలిరంగు నునుపు కాగితం మీద వేశారు. ఆ వెంటనే అదే తల, అదే నలుపు, తెల్ల కాగితం మీద వచ్చింది. కేటలాగులో ఇవి రెండు వేరు వేరు స్టాంపులు. అలాగని నీలం కనబడగానే డబ్బు తీయకండి. తెల్లదానికి ఎవరైనా రంగు పట్టించి ఉండొచ్చు. స్టాంపును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. పూసిన రంగుకు నీలం వస్తుంది గానీ ఆ నునుపు మెరుపు రాదు. కన్నాల చుట్టూ, అంచుల్లో రంగు ఎక్కువ పేరుకుందేమో లెన్సుతో చూడండి.

ఇక వోవ్, లెయిడ్ అనే రెండు మాటలు ఎప్పుడూ వింటుంటారు. కాగితపు గుజ్జును వడకట్టే తీగల జల్లెడ కాగితంలో వదిలిన గుర్తులను బట్టి వచ్చిన పేర్లివి. వెలుగుకి అడ్డంగా పెడితే వోవ్ కాగితం పంచె నేతలా సమంగా కనిపిస్తుంది. లెయిడ్‌లో దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ దూరం దూరంగా మరికొన్ని ఉంటాయి. గీతలు కనబడకపోతే స్టాంపును నల్ల అట్ట మీద బోర్లించి చూడండి.

జమ్మూ కాశ్మీర్ సంస్థానం స్టాంపులు దీనికి మంచి బడి. 1866లో మొదలైన ఆ స్టాంపులను చేత్తో చేసిన నాటు కాగితం మీద, నీళ్లరంగులతో అచ్చువేశారు. దళసరిగా, మట్టిరంగు ఛాయతో, పీచు పైకి తేలి ఉంటుంది. 1878 నుంచి మామూలు తెల్ల కాగితం వచ్చింది, అందులో వోవ్ ఉంది, లెయిడ్ ఉంది. నీళ్లరంగు స్టాంపును కవరు మీంచి ఊడదీయడానికి నానబెట్టారో, రంగు గిన్నెలో మిగులుతుంది. నా మాట విని కవరుతోనే ఉంచండి.

చాకీ పేపర్ సంగతి కూడా అంతే. ఏడో ఎడ్వర్డ్ కాలంలో, 1905 నుంచి, బ్రిటన్ స్టాంపుల కాగితానికి సుద్ద పూత వేశారు. తపాలా ముద్ర చెరిపి మళ్లీ వాడుకుందామని కడిగితే పూతతో పాటు బొమ్మా లేచిపోవాలని. వెండితో గీస్తే నల్ల గీత పడుతుందని పుస్తకాల్లో పరీక్ష రాశారు. నిజమే, పడుతుంది. కానీ గీత పడ్డాక స్టాంపు విలువ ఏం మిగులుతుంది? మరీ తప్పదనుకుంటే అంచున, కనీకనబడకుండా. నేనైతే అదీ చేయను.

చిరిగినవి, ధర పలకనివి పారేయకండి. ఒక్కో రకం కాగితానికి ఒకటి చొప్పున ఉంచుకుంటే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అలాంటివి కొన్ని ఈ బల్ల మీద పెట్టాను, రండి. వేళ్లతో వద్దు, ట్వీజర్స్ ఉన్నాయి.