టోపోలాజికల్ ఇన్సులేటర్‌లో ఈ సిగ్నల్ ఉపరితలానిదా, లోపలిదా?

నమస్కారం. ఇవాళ మన శాంపిల్ బిస్మత్ సెలినైడ్ అనే టోపోలాజికల్ ఇన్సులేటర్. సిద్ధాంతం ప్రకారం దీని లోపలి భాగం, అంటే బల్క్, ఇన్సులేటర్. బ్యాండ్ గ్యాప్, అంటే బల్క్‌లో ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల మేర, సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్. కరెంట్ ఉపరితలం మీదే నడవాలి. కానీ క్రిస్టల్ పెరిగేటప్పుడు అక్కడక్కడా సెలీనియం పరమాణువులు లోపిస్తాయి. ఆ ఖాళీల వల్ల అదనపు ఎలక్ట్రాన్లు చేరి బల్క్ కూడా కరెంట్ మోస్తుంది. అందుకే ఉత్త రెసిస్టెన్స్ చూసి ఏమీ తేల్చలేం.

ముందు ఆర్పెస్ చేద్దాం, అంటే కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి రప్పించి కొలిచే పద్ధతి. క్రిస్టల్‌ని అల్ట్రా హై వాక్యూమ్‌లోనే చీల్చి, తాజా ముఖం మీద అల్ట్రావయొలెట్ కాంతి వేస్తాం. బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తినీ, కోణాన్నీ కొలిస్తే బ్యాండ్లు, అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తులు, నేరుగా కనిపిస్తాయి. స్క్రీన్ మీద ఇంటూ గుర్తులా ఉన్నది డిరాక్ కోన్, అంటే ఉపరితల ఎలక్ట్రాన్ల బ్యాండ్. ఇందులో ఇలాంటి కోన్ ఒక్కటే ఉందని 2009లో ప్రిన్స్‌టన్‌లోని జాహిద్ హసన్ బృందం చూపించింది. కోన్ పైభాగంలో, మధ్యలో మసకగా ఉన్నది బల్క్ బ్యాండ్.

అనుమానముంటే ఫోటాన్ శక్తి మార్చండి. బల్క్ బ్యాండ్ పైకీ కిందికీ కదులుతుంది, సర్ఫేస్ స్టేట్, అంటే ఆ కోన్, కదలదు. దాని వెలుగు తగ్గొచ్చు, పెరగొచ్చు. దానికి టెన్షన్ పడకండి.

అసలు తలనొప్పి ట్రాన్స్‌పోర్ట్‌తోనే, అంటే కరెంట్ పంపి రెసిస్టెన్స్ కొలవడంతోనే. బాగా చల్లబరిచి అయస్కాంత క్షేత్రం పెంచితే రెసిస్టెన్స్ ఊగుతుంది. ఇవి షుబ్నికోవ్-డి హాస్ ఆసిలేషన్లు. గ్రాఫ్‌లో అడ్డంగా క్షేత్రాన్ని కాక దాని విలోమాన్ని తీసుకోండి, ఊపులు సమాన దూరాల్లో పడతాయి. ఇప్పుడు క్షేత్రానికి లంబంగా ఉన్న శాంపిల్‌ని మెల్లగా పక్కకి తిప్పండి. రెండు డైమెన్షన్ల ఎలక్ట్రాన్లయితే, అంటే ఉపరితలం లాంటి పొరలోనే తిరిగేవైతే, 60 డిగ్రీల దగ్గర ఫ్రీక్వెన్సీ రెట్టింపవుతుంది.

అయిందా? చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నాకది నచ్చదు. గాలి తగిలిన శాంపిల్‌లో ఉపరితలం దగ్గర బ్యాండ్లు వంగి, టోపాలజీతో సంబంధం లేని మామూలు ఎలక్ట్రాన్ పొర ఒకటి తయారవుతుంది. అదీ రెట్టింపే చూపిస్తుంది! ఎలక్ట్రాన్లు బాగా ఎక్కువైతే బల్క్ కూడా రెండు డైమెన్షన్లలా నటించగలదు. కాబట్టి ఫ్రీక్వెన్సీ నుంచి వచ్చిన ఫెర్మీ వలయం (ఎలక్ట్రాన్లు నిండిన పై అంచు శక్తి దగ్గర బ్యాండ్ అడ్డుకోత) సైజుని ఆర్పెస్‌లోని కోన్‌తో పోల్చండి. తర్వాత అదే క్రిస్టల్‌ని పలచన చేసి మళ్లీ కొలవండి. కండక్టెన్స్ మందంతో పాటు తగ్గితే అది బల్క్ పనే. తగ్గకపోతే ఉపరితలం వాటా పెద్దది.

ఎంత చేసినా బల్క్ అడ్డొస్తుంటే శాంపిల్ మార్చేయండి. బిస్మత్, టెల్లూరియం, సెలీనియం కలిసిన బిస్మత్ టెల్లూరియం సెలినైడ్ బల్క్ రెసిస్టివిటీ చాలా ఎక్కువ. కొలతలు అక్కడ మొదలుపెట్టడమే మేలు.