బడికి మనిషి కావాలి

యాంకర్: నమస్కారం. ఊరి ప్రాథమిక పాఠశాలకు జీతం తీసుకోకుండా సాయపడేవాళ్ల గురించి ఈ ఎపిసోడ్. కోనసీమలో ఒక ఊరి బడి హెచ్‌ఎం మనతో ఉన్నారు. మేడమ్, సాయం చేస్తామని ఎక్కువమందే వస్తారా?

టీచర్: వస్తారండీ. ఆగస్టు 15న, జనవరి 26న అయితే మరీను. పలకలు, బ్యాగులు, ప్లేట్లు ఇస్తారు, ఫొటో దిగుతారు. వద్దనను, మా బీరువా కూడా అలా వచ్చిందే. కానీ ఇప్పుడు మా బడిలో పిల్లలకంటే స్టీలు ప్లేట్లే ఎక్కువున్నాయి. (నవ్వు)

యాంకర్: మరి మీకేం కావాలి?

టీచర్: వారానికి రెండు మూడు రోజులు తప్పకుండా వచ్చే మనిషి. విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లే. తరగతులేమో ఐదు. ఒకరు మండలంలో మీటింగుకి వెళ్తే ఐదూ రెండోవాళ్ల మీదే. హాజరు, భోజనం, అన్నీ యాప్‌లో ఎక్కించాలి. ఇక వెనకబడ్డ పిల్లాడి పక్కన ఓ పది నిమిషాలు కూర్చునేదెప్పుడు?

యాంకర్: మీ బడికి అలా ఎవరైనా వస్తున్నారా?

టీచర్: మా ఊరికి కోడలిగా వచ్చిన ఒకమ్మాయి, ఇంటర్ చదివింది. బడి వదిలే ముందు వస్తుంది. కూడబలుక్కుని చదివే పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుని చదివిస్తుంది. ఐదో తరగతి పిల్లాడికీ రెండో తరగతి పిల్లకీ అక్కడ ఒకటే పుస్తకం. మొదట్లో వాడు సిగ్గుపడి దాక్కునేవాడు. ఇప్పుడు ఒత్తులు తప్పు పలికితే ఆ చిన్నదాన్ని వీడే సరిదిద్దుతున్నాడు.

యాంకర్: తరగతిని చూడకుండా, వచ్చిన చదువును బట్టి కూర్చోబెట్టడం. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఇలాగే చేస్తుంది కదా?

టీచర్: అవునండీ. యూపీలో జౌన్‌పూర్ జిల్లాలో వాళ్లతో కలిసి ఒక పరిశోధన జరిగింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా అందులో ఉన్నారు. కొన్ని ఊళ్లలో మీటింగులు పెట్టి, బడి బాగోగులు చూసే ఊరి విద్యా కమిటీ ఏం చేయొచ్చో చెప్పి వదిలేశారు. పిల్లల చదువులో మార్పేమీ రాలేదు. ఇంకొన్ని ఊళ్లలో కుర్రాళ్లకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, బడి బయట చదివించే క్లాసులు పెట్టించారు. వచ్చిన పిల్లలు తక్కువే. కానీ వచ్చినవాళ్లకు చదవడం బాగా వచ్చింది.

యాంకర్: అయితే కమిటీలు దండగంటారా?

టీచర్: అయ్యో, అలా ఎందుకంటాను! చట్టమే చెప్తోంది, బడి యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలని. ప్రహరీ గోడకని నేను అర్జీ పెడితే అది ఫైల్లో ఉంటుంది. పదిమంది తల్లులు వెళ్లి అడిగితే ఎవరో ఒకరు కొలతలకు వస్తారు. కాకపోతే చదివించే పని వేరు.

యాంకర్: టీచర్లు చాలని చోట వాలంటీరుకే క్లాసు అప్పజెబితే?

టీచర్: అక్కడే చెడుతుందండీ. ఉత్తరాఖండ్‌లో వాలంటీర్లను బడుల్లోకి పంపితే, అదనపు టీచర్లొచ్చారని మామూలు పాఠాలకు వాడేసుకున్నారు. ఫలితం కనిపించలేదు. పోస్టు నింపాల్సింది ప్రభుత్వం. ఊరి కోడలితో ఉచితంగా నడిచిపోతుంటే ఆ పోస్టు గురించి ఇక ఎవరడుగుతారు? మా వంట అక్కల్నే చూడండి. గౌరవ వేతనం కింద కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయలని పెట్టింది. మన రాష్ట్రం కలిపి మూడు వేలు ఇస్తోంది. రోజూ పొయ్యి ముందు నిలబడే మనిషికి అదేం లెక్క? సేవ అన్నామంటే జీతం మాట వెనక్కి పోతుంది.

యాంకర్: వినేవాళ్లలో ఎవరైనా బడికి వెళ్దామనుకుంటే?

టీచర్: జూన్‌లో వద్దు. అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంలు, మాకు ఊపిరాడదు. ఆగస్టు నుంచి రండి. హెచ్‌ఎంని కలిసి, చదవడం రాని పిల్లలెవరో అడగండి. టీచర్ల కంటికి కనిపించే చోటే కూర్చోండి. చెయ్యి చేసుకోవద్దు. రాలేని రోజు ముందే చెప్పండి, పిల్లలు ఎదురు చూస్తారు.

యాంకర్: మా మామగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చోలేకపోతున్నారు. పంపొచ్చా?

టీచర్: బ్యాంకా? అయితే మంగళవారమే పంపండి. అప్పు తీసుకుని చేసే తీసివేతల దగ్గర ఆగిపోయినవాళ్లు నలుగురున్నారు.