పేవర్ సర్వీసింగ్ మొదలయ్యేది సాయంత్రమే

అందరికీ నమస్కారం. పొద్దున్న ఏడింటికి నాలుగు టిప్పర్ల తారు మిక్స్ సైట్‌కి వచ్చేసింది. రోడ్డు మీద తారు పొర పరిచే మెషీన్, అంటే పేవర్, స్టార్ట్ అయింది, దాని ముందు తొట్టి హాపర్‌లో మిక్స్ పడింది, మిక్స్‌ని వెనక్కి లాగే చైన్ల కన్వేయర్ మాత్రం కదలడం లేదు. హైడ్రాలిక్ మోటర్ పోయిందని విప్పడానికి తయారవుతారు. చాలాసార్లు మోటర్‌కి ఏమీ అయ్యుండదు. నిన్న సాయంత్రం చైన్ కింద వదిలేసిన మిక్స్ రాత్రికి రాత్రే చల్లబడి రాయిలా పట్టేసి ఉంటుంది. అప్పుడు బలవంతంగా తిప్పితే చైన్ లింకు తెగుతుంది, లేదంటే స్ప్రాకెట్ పళ్ళు పోతాయి.

అందుకే ఈ వీడియోలో ఇంజిన్ కంటే ముందు సాయంత్రం పని గురించి చెబుతున్నాం. ఆఖరి టిప్పర్ ఖాళీ అయ్యాక, మెషీన్ ఇంకా వేడిగా ఉండగానే అరగంట నుంచి ముప్పావుగంట క్లీనింగ్‌కి ఇవ్వండి. చల్లారాక అదే పనికి ఉలి, సుత్తి కావాలి. హాపర్ రెక్కలు, స్క్రీడ్ (వెనకాల పొరని చదును చేసే ప్లేటు భాగం) ఎత్తి పెట్టినప్పుడు లాక్ పిన్నులు పెట్టకుండా కిందకి ఎవరూ వెళ్ళకూడదు. హైడ్రాలిక్ పైపు ఒక్కటి పగిలితే టన్నుల బరువు మనిషి మీద పడుతుంది.

ముందు కన్వేయర్, మిక్స్‌ని పక్కలకి పంచే మరలాంటి ఆగర్ ఖాళీగా తిప్పి మిగిలిన మిక్స్ మొత్తం దులిపేయండి. తర్వాత అంటుకోకుండా చేసే రిలీజ్ ఏజెంట్ కొట్టి గీకండి. మన సైట్లలో దీనికి డీజిల్ వాడే అలవాటు ఉంది. డీజిల్ తారుని కరిగిస్తుంది. అది కారి పడిన చోట రోడ్డు మెత్తగానే ఉండిపోతుంది, తర్వాత అక్కడే గుంట పడుతుంది. వేడి స్క్రీడ్ మీద పడితే మంటలు లేస్తాయి. బేరింగుల్లోకి దిగితే గ్రీజుని కడిగేస్తుంది.

స్క్రీడ్ ప్లేటు ముందు పైకీ కిందికీ ఆడుతూ మిక్స్‌ని నొక్కే పట్టీ, టాంపర్, విషయంలో ఎక్కువ మంది తప్పు చేస్తారు. టాంపర్‌కీ ప్లేటుకీ మధ్య సందులోకి రిలీజ్ ఏజెంట్ పంపి, తక్కువ స్పీడులో నాలుగైదు నిమిషాలు ఆడించండి. కింద నుంచి నల్లటి పేస్టులా కారుతుంది. అది పలచబడేదాకా ఆపొద్దు.

గ్రీజు ఎప్పుడూ క్లీనింగ్ తర్వాతే పెట్టాలి. ఆగర్ షాఫ్ట్ బేరింగులకు, కన్వేయర్ వెనక షాఫ్ట్ బేరింగులకు ఎక్కువ వేడి తట్టుకునే గ్రీజే కావాలి. మామూలు గ్రీజు ఆ వేడికి పలచబడి కారిపోతుంది. పాత నల్ల గ్రీజు పోయి కొత్తది అంచున కనిపించేదాకా గన్ కొట్టండి. ఆటోమేటిక్ గ్రీజింగ్ ఉన్నా సరే, ప్రతి పాయింట్ దగ్గర తాజా గ్రీజు వస్తోందో లేదో చూడాలి. లైను ఒకచోట మూసుకుపోతే ఆ బేరింగ్ ఎండిపోతుంది.

కన్వేయర్ చైన్లు రెండూ ఒకే బిగువులో ఉండాలి. చైన్ ఎంత కిందికి వేలాడాలో మీ మెషీన్ మాన్యువల్‌లో ఉంటుంది. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులైతే చైన్ స్ప్రాకెట్ మీద జారుతుంది.

కొన్ని అరుగుదలలు రోడ్డు మీదే కనిపిస్తాయి. పరిచిన పొర సరిగ్గా మధ్యలో గరుకుగా, కంకర తేలినట్టు ఒక గీత వస్తోందా? ఆగర్ మధ్య గేర్‌బాక్స్ పక్కన, మిక్స్‌ని దాని కిందికి నెట్టే చిన్న రివర్స్ ప్యాడిళ్ళు ఉంటాయి, ముందు వాటిని చూడండి. అవి అరిగితే గేర్‌బాక్స్ కింద మిక్స్ సరిగ్గా నిండదు. రోలర్ ఎన్ని పాసులు తిప్పినా ఆ గీత పోదు.

ఇక స్క్రీడ్. పని మొదలుపెట్టే ముందు ఇరవై, ముప్పై నిమిషాలు వేడి చేయాలి. వీజీ-30 రకం తారు మిక్స్‌ని 140 డిగ్రీలకు తగ్గకుండా పరుస్తాం, ప్లేటు చల్లగా ఉంటే అది అంటుకుని పొర చిరుగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ప్లేటు పొడవునా అడుగుకొకసారి కొట్టి చూడండి. ఒకచోట బాగా తక్కువ చూపిస్తే అక్కడ హీటర్ రాడ్డో బర్నరో పనిచేయడం లేదు. త్వరగా అయిపోవాలని మంట పెద్దది చేయొద్దు, ప్లేటు వంగుతుంది.

టాంపర్ అంచు గుండ్రంగా అరిగితే మిక్స్‌ని ప్లేటు కిందికి సరిగ్గా నొక్కలేదు. అప్పుడు మందం తగ్గుతోందని ఆపరేటర్ స్క్రీడ్ ముందు భాగం ఎత్తి నడుపుతాడు. దాంతో ప్లేటు వెనక అంచు మాత్రమే నేలకి ఆని, అది కూడా అరిగిపోతుంది. టాంపర్ వేళకి మారిస్తే ప్లేటు మిగులుతుంది. ప్లేటు మార్చాల్సి వస్తే వెడల్పు పెంచే ఎక్స్‌టెన్షన్ల ప్లేట్లతో కలిపి సెట్టు మొత్తం మార్చండి. మందాలు తేడాగా ఉంటే జాయింట్ దగ్గర మెట్టు వస్తుంది.

చాలా మెషీన్లలో ఇంజిన్ ఆయిల్ 250 గంటలకు, హైడ్రాలిక్ ఫిల్టర్ 500 గంటలకు, హైడ్రాలిక్ ఆయిల్ 2000 గంటలకు మార్చాలి. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్ళు రోజూ దించాలి. మన మే నెల ఎండల్లో అసలు ఇబ్బంది ఆయిల్ కూలర్. తారు పొగ, దుమ్ము కలిసి దాని రెక్కల మధ్య జిగురులా పేరుకుంటాయి. గాలి మామూలుగా వెళ్ళే దిశకి ఎదురుగా తక్కువ ప్రెషర్‌తో కొట్టండి, రెక్కలు వంగకుండా.

లెవెల్ సెన్సార్లు సాయంత్రం విప్పి పెట్టెలో పెట్టేయండి. చివరగా, ముందున్న, టిప్పర్ టైర్లని నెట్టే పుష్ రోలర్లు చేత్తో తిప్పి చూడండి. పట్టేసి ఉంటే టిప్పర్ టైర్లు వాటి మీద తిరగకుండా రాసుకుంటాయి, ఆ కుదుపు స్క్రీడ్ దాకా వెళ్ళి పొర మీద అడ్డగీతగా పడుతుంది.